మూతబడ్డ మిల్లులో బొమ్మలూ బెండకాయలూ: డెట్రాయిట్ కథ మన డెల్టాకి పనికొస్తుందా?

కాలువగట్టు
అందరికీ నమస్కారం. నేను ఉండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన. పుట్టి పెరిగింది మన గోదావరి డెల్టాలోనే, జూట్ మిల్లు ఉన్న ఊళ్ళో. మిల్లు మూతపడి చాలా కాలమైంది, కేసు నడుస్తోంది కాబట్టి ఊరి పేరు రాయను, తెలిసినవాళ్ళకి ఎలాగూ తెలిసిపోతుంది. మొన్న ఫోన్ చేస్తే మా బాబాయి "ఆ స్థలం వెంచరు వాళ్ళకి పోతుందంట రా" అన్నాడు. అప్పటినుంచి బుర్రలో ఒకటే తిరుగుతోంది.

డెట్రాయిట్ సంగతి కొంచెం చెప్తాను. 1950లో ఇక్కడ 18.5 లక్షల జనం. 2020 జనాభా లెక్కల్లో 6.39 లక్షలు. కార్ల ఫ్యాక్టరీలు శివార్లకీ వేరే రాష్ట్రాలకీ పోయాయి, డబ్బున్నవాళ్ళు, ముఖ్యంగా తెల్లవాళ్ళు, వాటి వెనకే పోయారు, పన్ను కట్టేవాళ్ళు తగ్గిపోయి 2013 జులైలో నగరమే దివాలా పిటిషన్ వేసింది. అప్పు దాదాపు 1800 కోట్ల డాలర్లు. ఇప్పటికీ కొన్ని వీధుల్లో ఒక ఇల్లు, తర్వాత గడ్డి, గడ్డి, గడ్డి, మళ్ళీ ఒక ఇల్లు.

అలాంటి చోట టైరీ గైటన్ అనే ఆయన 1986లో తను పెరిగిన హైడెల్‌బర్గ్ వీధిలో పాడుబడ్డ ఇళ్ళకి రంగురంగుల చుక్కలు పెట్టడం మొదలుపెట్టాడు. పారేసిన చెప్పులు, బొమ్మలు, పాత టీవీలు, ఏది దొరికితే అది ఇళ్ళకీ చెట్లకీ తగిలించాడు. ప్రపంచం నలుమూలల నుంచీ జనం చూడ్డానికి వచ్చారు. ఖాళీ స్థలాల్లో కూరగాయల తోటలు కూడా చాలా వచ్చాయి. రూజ్ పార్కులో డీటౌన్ ఫామ్ అని ఏడెకరాల తోట ఉంది, నల్లజాతి వాళ్ళ సంఘం నడుపుతుంది. 2013లో నగరం పట్టణ వ్యవసాయానికి ప్రత్యేకంగా చట్టం కూడా చేసింది.

మన మిల్లుల్లో ఇలాంటిది ఎందుకు చెయ్యకూడదు? షెడ్లలో చిత్రకారులు, ఖాళీ జాగాలో తోటలు. ఊరికి మళ్ళీ కళ వస్తుంది కదా. మీరేమంటారు?

కాకినాడ కాజా
గోడ మీద బొమ్మ వేసిన రెండో రోజే దాని మీద ఇంటర్ అడ్మిషన్ల పోస్టరు పడుతుంది గురూ. మూడో రోజు నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ. ముందు దానికి మందు కనిపెట్టండి.

మిల్లుగేటు
కాలువగట్టు గారూ, మంచి మనసుతోనే రాశారు, కాదనను. కానీ "ఊరికి కళ వస్తుంది" అన్న మాట దగ్గర నాకు కాలింది.

మా నాన్న స్పిన్నింగులో చేశారు. జూట్ దుమ్ముకి ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మలు తెల్లగా ఉండేవి. ఆ నార మెత్తబడ్డానికి నూనె కొడతారు కదా, ఆ వాసన చొక్కాలోంచి ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. మిల్లు కూత వింటే మా అమ్మ ఎసరు పెట్టేది. కూత ఆగిపోయాక గేటు బయట టీ కొట్టు పోయింది, సైకిల్ షాపు పోయింది, మిల్లు జీతాల మీద నడిచే చీటీలు పోయాయి. రావాల్సిన గ్రాట్యుటీ కోసం తిరిగి తిరిగి పోయినవాళ్ళు ఎంతమందో. ఇప్పుడు అదే షెడ్డులో ఎవరో వచ్చి చెప్పులు వేలాడదీసి ఇది కళ అంటే మా వీధివాళ్ళు చూసి ఏమనాలండి?

మిల్లు పోయింది కళ లేక కాదు. ప్లాస్టిక్ సంచి వచ్చి గోనె సంచిని తినేసింది. ధాన్యానికీ పంచదారకీ గోనె సంచులే వాడాలని 1987లో కేంద్రం చట్టం చేసింది, దాని దయవల్లే కొన్ని మిల్లులు ఆ మాత్రం నిలిచాయి. ముడినార బెంగాల్ నుంచి రావాలి, కరెంటు బిల్లు పెరిగింది, మిషన్లు మా తాతల నాటివి. మళ్ళీ కూలీ దొరికే పని గురించి మాట్లాడండి, మిగతావి తర్వాత.

కాలువగట్టు
మీ కోపం న్యాయమే. అయితే గైటన్ బయటినుంచి వచ్చి వేసినవాడు కాదండి, ఆ వీధి పిల్లాడే. తాతతో కలిసి మొదలుపెట్టాడు. అతన్నీ ఊరు నెత్తిన పెట్టుకోలేదు, 1991లో ఒకసారి, 1999లో ఒకసారి నగరపాలక సంస్థే బుల్డోజర్ తెచ్చి కొన్ని ఇళ్ళు కూల్చేసింది. 2013లో ఎవరో వరసగా నిప్పు పెట్టారు. పక్కింటివాళ్ళలో కూడా "మా వీధిని చెత్తకుప్ప చేశాడు" అన్నవాళ్ళు ఉన్నారు. మీరు అడిగిందే వాళ్ళూ అడిగారు.

ఆనకట్ట
ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైన వాణ్ణి. రెండు విషయాలు.

ఒకటి. డెట్రాయిట్లో జనం వెళ్ళిపోయారు కాబట్టి నేల చవకగా మిగిలింది. మన దగ్గర మిల్లు పోయినా జనం పోలేదు, నేలకి మాత్రం రెక్కలొచ్చాయి. భీమవరం చుట్టుపక్కల వరిచేలు చేపల చెరువులయ్యాయి, రొయ్యల చెరువులయ్యాయి, రోడ్డు పక్కవి ప్లాట్లయ్యాయి. చేనుని చెరువు చేసి, చెరువుని ప్లాటు చేసి, చివరికి ఊరి మధ్యలో మిల్లులో బెండకాయలు పెంచుదాం అనడం నాకు కొంచెం విడ్డూరంగానే ఉంది. ఊరు దాటితే గోదావరి మధ్య లంకలు. లంకల్లో పండే కూరగాయలకి ధర పలక్క రోడ్డు మీద పారబోసిన ఏడాదులు ఉన్నాయి.

రెండోది నీళ్ళు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది దగ్గర్నుంచీ మన బతుకంతా కాలువ మీదే. వేసవిలో మరమ్మతులకి కాలువలు కట్టేస్తారు. తోటకి నీళ్ళు కావలసింది సరిగ్గా అప్పుడే. ఊరి మధ్య కాలువలో మిగిలేది ఏమిటో ముక్కు ఉన్న ప్రతివాడికీ తెలుసు. ఆ నీళ్ళు పెట్టి తోటకూర పండిస్తే తినేది ఎవరు?

కాకినాడ కాజా
కాలువ కట్టేసినప్పుడు అడుగున తేలే సామాను చూస్తే గైటన్ గారు ఇక్కడే సెటిలైపోతారు. ముడిసరుకుకి లోటుండదు.

సాయిల్ టెస్ట్
ఆనకట్ట గారి రెండో పాయింటుకి ఒకటి కలుపుతాను. మాది అగ్రికల్చర్ చదువు. పాత ఫ్యాక్టరీ నేలలో నేరుగా విత్తనం వెయ్యడం ఎక్కడా మంచిది కాదు. డెట్రాయిట్లో పాత ఇళ్ళు కూల్చినప్పుడు పెయింటులోని సీసం మట్టిలో కలిసిపోయింది, అందుకే అక్కడ తోట పెట్టేముందు మట్టి పరీక్ష చేయించడం, పైన చెక్కలతో మడి కట్టి కొత్త మట్టి పోసుకోవడం అలవాటైంది. జూట్ మిల్లంటే నూనె, గ్రీజు, బాయిలర్ బూడిద, పాత పెయింటు, అన్నీ ఉంటాయి. సీసం ఉన్న మట్టిలో ఆకుకూరలూ ముల్లంగీ క్యారెట్ లాంటి దుంపలూ ఎక్కువ ప్రమాదం, టమాటా, వంగ, బీన్స్ లాంటి కాయల్లోకి తక్కువ వెళ్తుంది. మనవాళ్ళు మొదట వేసేది ఏమిటి? తోటకూర, గోంగూర, పాలకూర.

2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు, గుర్తుందా? వందల మంది. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనపడ్డాయి, తర్వాత పురుగుమందుల మీదకీ అనుమానం వెళ్ళింది. ఆ టెన్షన్ చూసినవాళ్ళెవరూ "మట్టే కదా, ఏముంది" అనరు.

పుష్కరాలరేవు
అందరూ తోట మీదే పడ్డారు, కళని ఎవరూ పట్టించుకోవడం లేదు. మాది రాజమండ్రి. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర, ఊళ్ళో పిల్లాడు బొమ్మలు బాగా వేస్తున్నాడని గమనించి బొంబాయి పంపించబట్టి దామెర్ల రామారావు తయారయ్యాడు. అడివి బాపిరాజు కూడా ఆ దొర శిష్యుడే. రామారావు 1925లో మశూచితో పోయేనాటికి ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. ఆయన బొమ్మల గ్యాలరీ ఊళ్ళోనే ఉంది. ఇక్కడ ఉన్న రాజమండ్రి వాళ్ళలో ఎంతమంది లోపలికి వెళ్ళారో చెయ్యెత్తండి చూద్దాం. షాపింగ్‌కి వెళ్ళేటప్పుడు దాని ముందునుంచే వెళ్ళుంటారు.

నేను చెప్పేదేంటంటే మనకి కళ కొత్తగా దిగుమతి చేసుకోవాల్సినది కాదు. దానికి చోటూ, నేర్పేవాడూ కావాలి. బ్రిటిష్ వాళ్ళ కాలంలో గోదావరి మీద కట్టిన హేవలాక్ రైలు బ్రిడ్జి మీద 1997లో రైళ్ళు ఆపేశారు. అప్పటినుంచీ దాన్ని నడక వంతెన చేస్తామనీ టూరిజం చేస్తామనీ వింటూనే ఉన్నాం, వినీ వినీ జుట్టు తెల్లబడింది. కొచ్చిలో చూడండి, ఆస్పిన్‌వాల్ హౌస్ అని సముద్రం ఒడ్డున పాత వ్యాపార కంపెనీ గోదాములు, 2012లో బినాలే, అంటే రెండేళ్ళకోసారి జరిగే కళల పండగ, మొదలెట్టి అందులో ప్రదర్శనలు పెట్టారు. మన దగ్గర గోదాములకి కొదవా?

లేసుదారం
నరసాపురం దగ్గర్నుంచి రాస్తున్నాను. ఈ గ్రూపులో ఎప్పుడూ చదవడమే, రాయడం తక్కువ.

కళ కళ అంటున్నారు, మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు తరాలుగా లేసు అల్లుతున్నారండి. మిషనరీ దొరసానులు నేర్పిన పని. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని అరుగు మీద కూర్చుంటే సాయంత్రం దాకా సూది ఆగదు. దారం ఏజెంటు తెచ్చి ఇస్తాడు, అల్లిన ముక్కలు పట్టుకుపోతాడు, ఆ ముక్కలన్నీ ఇంకెవరో కలిపి టేబుల్ క్లాత్ చేస్తారు, అది ఏ దేశం పోతుందో ఎంతకి అమ్ముతారో అల్లినవాళ్ళకి తెలీదు. 2024లో మా లేసుకి జీఐ, అంటే ఫలానా ఊరి సరుకు అనే గుర్తింపు వచ్చింది, పేపర్లో ఫోటోలు పడ్డాయి, సంతోషమే. నా చెల్లెలి కూతురు మాత్రం "పెద్దమ్మా, దీనికంటే రొయ్యల షెడ్డులో తలకాయలు తీస్తే ఎక్కువ వస్తుంది" అని అటు పోయింది. దాన్ని తప్పు పట్టలేను.

మిల్లు షెడ్డు ఇస్తాం రండి అంటే మేము రాము. పిల్లలు, గేదెలు, ముసలాళ్ళు, ఇల్లు వదిలి ఎలా వస్తాం? మాకు కావలసింది షెడ్డు కాదు, ముక్కలు కలిపి సొంతంగా అమ్ముకోగలిగే చోటు, డిజైను చెప్పేవాళ్ళు, ఆర్డరు వచ్చేదాకా ఆగడానికి కొంచెం పెట్టుబడి. ఏలూరు తివాచీల వాళ్ళని అడిగినా ఇదే చెప్తారనుకుంటాను.

మిల్లుగేటు
అమ్మా, నాలుగు వాక్యాల్లో తేల్చేశారు.

పవర్‌పేట ప్లీడరు
ఏలూరు నుంచి. కాలువగట్టు గారు, అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ షెడ్డు ఎవరిది?

మూతపడ్డ కంపెనీ దివాలా చట్టం కింద, ఆస్తులమ్మి అప్పులు తీర్చే లిక్విడేషన్‌కి వెళ్తే 2016 చట్టం 53వ సెక్షన్ ప్రకారం కార్మికులకి 24 నెలల బకాయిలకి బ్యాంకులతో సమానంగా వరస ఉంటుంది. వరస ఉండటం వేరు, చేతికి రావడం వేరు. స్థలం అమ్మితేనే డబ్బు. అమ్మాలంటే ఎక్కువ ధర కావాలి. ఎక్కువ ధర ఇచ్చేవాడు అపార్ట్‌మెంట్లు కట్టేవాడే. అంటే మీ తోట వల్ల స్థలం అమ్మకం ఆగితే మిల్లుగేటు గారి వీధి మనుషుల బకాయిలే ఆగుతాయి. కళాకారులకీ కార్మికులకీ మధ్య పేచీ పెట్టినట్టు అవుతుంది.

బొంబాయి చూడండి. 1982 సమ్మెలో రెండు లక్షలకి పైగా మిల్లు కార్మికులు బయటికొచ్చారు, చాలామంది మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. 1991లో ఒక నియమం పెట్టారు: మిల్లు స్థలం అమ్ముకుంటే మూడో వంతు ఊరికి ఖాళీ జాగాగా, మూడో వంతు ఇళ్ళ కోసం, మిగిలింది యజమానికి. వినడానికి ఎంత బాగుంది. 2001లో దాన్ని సవరించి, కట్టడాలు లేని ఖాళీ నేలలో మాత్రమే పంచాలన్నారు. మిల్లు స్థలంలో ఖాళీ ఎంత ఉంటుంది, అంతా షెడ్లే. 2006లో సుప్రీం కోర్టు ఆ సవరణని సమర్థించింది. ఇప్పుడు అక్కడ మాల్స్, టవర్లు. పార్కు ఎక్కడో వెతుక్కోవాలి. కాబట్టి మీరు మిల్లుని కాపాడాలంటే బ్రష్షు పట్టుకునే ముందు మాస్టర్ ప్లాన్ పట్టుకోండి, అభ్యంతరాలు చెప్పే గడువులోపల కాగితం పెట్టండి. ఎవడూ పెట్టడు. గడువు అయిపోయాక ఫేస్‌బుక్‌లో ఏడుస్తారు.

కాలువగట్టు
ప్లీడరు గారు చెప్పింది ఇక్కడా జరిగింది, కాకపోతే ఇంకో రకంగా. దివాలా తీసినప్పుడు అప్పులవాళ్ళ కన్ను నగర మ్యూజియం మీద పడింది. అందులో 1932, 33ల్లో మెక్సికో చిత్రకారుడు డియేగో రివేరా కార్ల ఫ్యాక్టరీ కూలీల మీద వేసిన పెద్ద కుడ్యచిత్రాలున్నాయి. ఆ మ్యూజియం బొమ్మలు అమ్మి అప్పు తీర్చండి అన్నారు. ఒకవైపు బొమ్మలు, ఒకవైపు మున్సిపల్ ఉద్యోగుల పెన్షన్లు. చివరికి దాతృత్వ సంస్థలూ రాష్ట్రమూ కలిసి 80 కోట్ల డాలర్లకి పైగా పోగుచేసి, ఆ డబ్బు పెన్షన్లకి ఇచ్చి బొమ్మల్ని కాపాడారు. అయినా మామూలు ఉద్యోగుల పెన్షన్‌లో 4.5 శాతం కోత పడింది.

పాత ప్యాకర్డ్ కార్ల ఫ్యాక్టరీ గోడ మీద 2010లో బ్యాంక్సీ అనే పేరున్న వీధి చిత్రకారుడు బొమ్మ వేస్తే గోడ ముక్కతో సహా కోసుకుపోయారు, తర్వాత వేలంలో అమ్ముడుపోయింది. 1988లో చివరి రైలు వెళ్ళిపోయిన పెద్ద స్టేషన్ని బాగుచేసి 2024లో తెరిచింది ఏ చిత్రకారుడూ కాదు, ఫోర్డ్ కంపెనీ. కాబట్టి బొమ్మలతో ఊరు లేచిందని నేనూ అనడం లేదు. ఊరు పడుకున్న ముప్ఫై నలభై ఏళ్ళు అక్కడ ఉండిపోయినవాళ్ళు ఏం చేసుకున్నారు అంటే, బొమ్మలు వేసుకున్నారు, కూర పండించుకున్నారు. 1890ల్లో పనులు పోయిన ఆర్థిక మాంద్యం రోజుల్లో పింగ్రీ అనే మేయర్ ఖాళీ స్థలాల్లో పేదలచేత బంగాళాదుంపలు వేయించాడు, అప్పటినుంచీ ఉన్న అలవాటే అది.

మోడరేటర్
మిల్లుల పేర్లూ యజమానుల పేర్లూ రాసిన రెండు కామెంట్లు తీసేశాను. కోర్టులో ఉన్న వ్యవహారాలు ఇక్కడ వద్దు. చర్చ బాగుంది, కొనసాగించండి.

కడియం అంటు
ఆలస్యంగా చూశాను, నర్సరీలో సీజను. అందరూ మాట్లాడిందంతా చదివాను గానీ ఒక్కరు కూడా షెడ్డు పైకప్పు చూడలేదండి.

పాత జూట్ మిల్లు కప్పు రంపం పళ్ళలా మెట్లు మెట్లుగా ఉంటుంది చూడండి. నిలువుగా ఉన్న వైపు అద్దాలు పెడతారు, అవి ఉత్తరానికి తిరిగి ఉంటాయి. ఎందుకంటే ఎండ నేరుగా పడకూడదు, వెలుగు మాత్రం రోజంతా ఒకేలా రావాలి, దారం తెగితే కనపడాలి. ఆ వెలుగులో బొమ్మలు వేసుకోవచ్చు, తివాచీ నెయ్యొచ్చు, బ్రహ్మాండం. బెండ మొక్క మాత్రం సాగి సాగి పడిపోతుంది, కాయ కాయదు. కాబట్టి లోపల మొక్కలు అనే మాట మర్చిపోండి. బయట జాగాలో కూడా కూరగాయలు పండిస్తే గిట్టదు, ఆనకట్ట గారు చెప్పినట్టు లంక రైతుతో పోటీ పడలేరు.

గిట్టేది నారు. హైదరాబాద్, విజయవాడల్లో మిద్దె తోటలు ఎంత పెరిగాయో మాకు తెలుసు, మా లారీలే వెళ్తాయి. వాళ్ళకి నేల లేదు, ఓపిక లేదు, రెడీగా మొక్క కావాలి. 98 గుంతల ట్రే, అందులో కొబ్బరి పొట్టు, గుంతకో విత్తనం. వంగ, టమాటా, మిరప నెలా నెలన్నరలో అమ్మకానికి వస్తాయి. నేల అక్కర్లేదు కాబట్టి సాయిల్ టెస్ట్ గారి సీసం భయం చాలావరకు తప్పుతుంది, కింద సిమెంటు చప్టా, పైన నీడ వల, అంతే. నీళ్ళు పొలానికి పట్టినంత పట్టవు, బోరో వాన నీళ్ళ తొట్టో సరిపెట్టుకోవచ్చు. కొబ్బరి పొట్టు కోనసీమలో కావలసినంత. అంబాజీపేట వైపు పీచు తీసిన చోట గుట్టలు పోసి ఉంటుంది. మిల్లులో పనిచేసిన ఇళ్ళ ఆడవాళ్ళకి ఆ పని వారంలో వచ్చేస్తుంది, చేతివాటం ఉన్నవాళ్ళు. అంటు కట్టడం మాత్రం టైము పడుతుంది.

స్థలం మాత్రం సొంతం అక్కర్లేదు. ట్రేలు ఎత్తుకుని వెళ్ళిపోవచ్చు. కేసు తేలి ఖాళీ చెయ్యమంటే లారీ ఎక్కిస్తాం.

పవర్‌పేట ప్లీడరు
అది బాగుంది. తాత్కాలిక లీజు, పక్కా కట్టడం లేదు, హక్కు పుట్టదు. లిక్విడేటర్ కూడా భయపడక్కర్లేదు, ఖాళీగా ఉంటే కాపలా ఖర్చు దండగ కదా. అయినా మొదట మిల్లు జోలికి వెళ్ళకండి, మున్సిపల్ స్కూలు ఆవరణో పంచాయతీ జాగాయో చూడండి.

మిల్లుగేటు
మా వీధిలో ఒక పాత పీడబ్ల్యూడీ గోదాము ఉంది, ముందర చప్టా ఉంది. నారు పని అంటే మా వదిన వాళ్ళు వస్తారు, రోజు కూలీ ఎంతో ముందే చెప్పాలి. వాటా అనీ లాభం అనీ చెప్తే ఎవరూ రారు, మిల్లు వాళ్ళు కూడా అదే చెప్పారు చివర్లో. గోడ మీద బొమ్మ మీ ఇష్టం. వేస్తే మాత్రం మా నాన్న షిఫ్టు వాళ్ళ మొహాలు వెయ్యండి, ఫోటోలు నా దగ్గరున్నాయి. చుక్కలు వద్దు.

కాలువగట్టు
మొదటి మూడు నెలల కూలీ ఇక్కడున్న మన ఊరివాళ్ళం కలిసి పెట్టుకుంటాం. చందా అని కాదు, అప్పు అనుకోండి, నారు అమ్మాక తీర్చండి.

సాయిల్ టెస్ట్
కడియం అంటు గారూ, ఒక్క మాట. కోనసీమ పొట్టు తెచ్చి నేరుగా ట్రేలో నింపేయకండి, ఉప్పు ఉంటుంది. మంచినీళ్ళతో బాగా కడిగి, ఈసీ, అంటే ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, చూసుకుని, కాల్షియం నైట్రేట్ నీళ్ళలో నానబెట్టి మళ్ళీ కడగాలి. లేకపోతే మిరప మొలకలు అంచులు మాడిపోతాయి.

కడియం అంటు
తెలుసండి, మా దగ్గర చేసేదే. మీటరు నాది తెస్తాను. మిల్లుగేటు గారూ, గోదాము చప్టా కొలతలు పెట్టండి, ఉత్తరం ఎటో కూడా రాయండి.

లేసుదారం
నీడ వల అంచులు కుట్టే పని ఉంటే మా వాళ్ళని అడగండి. ముక్కకి రేటు కాదు, మాకూ రోజు కూలీ.